ఎంఆర్ఐ బొమ్మలో లేని గీత

వెన్నుపాముకు తీసిన ఎంఆర్ఐ బొమ్మల్లో అప్పుడప్పుడూ ఒక సన్నని గీత కనిపిస్తుంది. పక్క నుంచి చూసే బొమ్మలో వెన్నుపాము నడిమధ్యన, పైనుంచి కిందికి, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. వెన్నుపాము లోపల నీరు చేరి సన్నటి గొట్టంలా మారే సిరింక్స్ అనే జబ్బు కూడా బొమ్మలో ఇలాగే కనబడుతుంది. అదే మనిషికి, అదే రోజు, ఇంకా చిన్న పిక్సెళ్లతో మరోసారి స్కాన్ చేస్తే ఆ గీత సన్నబడవచ్చు, పక్కకు జరగవచ్చు, మాయమైపోవచ్చు. నిజంగా నీరు ఉంటే అలా జరగదు. అంటే మొదటి బొమ్మలో కనిపించిన గీత రోగి ఒంట్లో లేదు, బొమ్మ తయారైన లెక్కలో ఉంది.

ఒంట్లో లేనిది బొమ్మలో కనిపించినా, ఉన్నది చోటు మారి కనిపించినా, ఉన్నది కనిపించకుండా పోయినా దాన్ని ఆర్టిఫాక్ట్ అంటారు. ఇమేజ్ ప్రాసెసింగ్‌తో వీటిని తగ్గించడం అంటే ఫోటో మీద పడిన మరకను తుడవడం లాంటిదని చాలామంది అనుకుంటారు. ఆ పోలిక తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. మరక ఫోటో పైన పడుతుంది, దాని కింద ఫోటో క్షేమంగా ఉంటుంది. ఎంఆర్ఐలో ఆర్టిఫాక్ట్ కొలత లోపలే పుడుతుంది. కాబట్టి దాన్ని సరిచేసే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. సిగ్నల్ చోటు తప్పిందా, లేక అసలు అందనే లేదా? చోటు తప్పినదాన్ని లెక్కతో తిరిగి దాని చోటికి చేర్చవచ్చు. అందనిదాన్ని ఏ లెక్కా తెచ్చిపెట్టలేదు, మహా అయితే ఊహిస్తుంది. ఈ రంగంలోని పద్ధతులను ఈ ప్రశ్నతో విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

యంత్రం నేరుగా బొమ్మ తీయదు

కెమెరాలో ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో చోటి వెలుగు చేరుతుంది. సెన్సర్‌లో ఒక చుక్క పాడైతే బొమ్మలో ఆ చుక్కే పాడవుతుంది. ఎంఆర్ఐ పనిచేసే తీరు వేరు. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంత క్షేత్రంలో బొంగరంలా తిరుగుతుంటాయి. ఆ తిరుగుడు వేగం క్షేత్రం బలాన్ని బట్టి ఉంటుంది. 1 టెస్లాకు సుమారు 42.58 మెగాహెర్ట్జ్, అంటే 1.5 టెస్లా యంత్రంలో దాదాపు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాలో దాదాపు 128. క్షేత్రాన్ని ఒక పక్క కాస్త ఎక్కువగా, ఇంకో పక్క కాస్త తక్కువగా ఉంచితే, వచ్చిన సిగ్నల్ ఫ్రీక్వెన్సీని బట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పవచ్చు. 1973లో పాల్ లాటర్‌బర్ ఈ కిటుకుతోనే బొమ్మ తీయవచ్చని చూపించారు. ఆయనకూ, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ కలిపి 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

స్లైస్, అంటే బొమ్మ తీస్తున్న పలుచటి పొర, మొత్తం నుంచి వచ్చే సిగ్నల్ అంతా కలగలిసి, దాన్ని పట్టే తీగచుట్ట అయిన కాయిల్‌లో ఒకేసారి పడుతుంది. క్షేత్రపు వాలును మార్చి మార్చి ఇలాంటి కొలతలు వేల సంఖ్యలో తీసుకుని ఒక పట్టికలో పేరుస్తారు. ఆ పట్టిక పేరు కె-స్పేస్. దాన్ని తెర మీద చూస్తే మధ్యలో మెరుస్తున్న చుక్క, చుట్టూ మసక మసక పొడి తప్ప ఏమీ కనిపించదు. తలకాయ స్కాన్ అయినా మోకాలి స్కాన్ అయినా దాదాపు అలాగే ఉంటుంది. అందులోని ఒక్కో బిందువు బొమ్మలోని ఒక్కో చోటు కాదు, బొమ్మ మొత్తం మీద పరిచిన ఒక్కో చారల నమూనా. మధ్యకు దగ్గరగా ఉన్న బిందువులు వెడల్పాటి చారలు. అవి బొమ్మలో మొత్తంగా తెలుపు నలుపుల తేడాను నిర్ణయిస్తాయి. అంచుల్లో ఉన్నవి సన్నటి చారలు. అవి చిన్న వివరాలను, అంచుల పదునును ఇస్తాయి. 256 వరసలు, 256 నిలువులు ఉన్న పట్టికలో 65,536 చారల నమూనాలు ఉంటాయి. ఏది ఎంత బలంగా ఉండాలో, ఎంత జరిగి ఉండాలో కె-స్పేస్ చెబుతుంది. వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి వేసి కూడితే బొమ్మ వస్తుంది. ఆ కూడిక పేరే ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్.

ఇది మనసుకు పట్టితే మిగతావన్నీ సులువు. ఉదాహరణకు యంత్రంలో ఎక్కడో చిన్న విద్యుత్ స్పార్క్ వచ్చి కె-స్పేస్‌లో ఒకే ఒక్క బిందువు విలువ అమాంతం పెరిగిపోయిందనుకుందాం. ఆ బిందువుకు చెందిన చారలు బొమ్మంతా పరుచుకుంటాయి. బొమ్మ మీద బట్ట నేసినట్టు ఏటవాలు గీతలు కనిపిస్తాయి. బొమ్మను చూసుకుంటూ ఆ గీతలను తుడవబోతే ప్రతి పిక్సెల్‌నూ ముట్టుకోవాలి. అదే కె-స్పేస్‌లోకి వెళ్తే పాడైంది ఒక్క చుక్క. దాన్ని తీసేసి చుట్టుపక్కల విలువల నుంచి అంచనా వేసి పెడితే మొత్తం బొమ్మ బాగవుతుంది. పోగొట్టుకున్నది 65,536లో ఒకటి. నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గీత ఎక్కడి నుంచి వచ్చింది

మొదట చెప్పిన వెన్నుపాము గీత దగ్గరికి వద్దాం. పదునైన అంచును, అంటే ఒక్కసారిగా నలుపు నుంచి తెలుపుకు మారే చోటును, చారలు కూడి తయారు చేయాలంటే అంతులేనన్ని సన్న చారలు కావాలి. యంత్రం ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆపినచోట కూడిక అసంపూర్తిగా మిగిలి, అంచు పక్కన చిన్న చిన్న అలలు లేస్తాయి. చెరువులో రాయి వేసినప్పటిలా అంచు దగ్గర పెద్దగా, దూరం వెళ్లేకొద్దీ చిన్నగా ఉంటాయి. హెన్రీ విల్‌బ్రహామ్ 1848లోనే ఈ సంగతి గమనించారు. తర్వాత 1899లో జోసయ్యా విలార్డ్ గిబ్స్ వివరించడంతో ఆయన పేరే నిలిచిపోయింది. అంచు దగ్గర మొదటి అల ఎత్తు, తెలుపు నలుపుల తేడాలో దాదాపు 9 శాతం ఉంటుంది. ఎన్ని ఎక్కువ చారలు కూడినా ఈ 9 శాతం తగ్గదు. అలలు సన్నబడి అంచుకు మరింత దగ్గరగా ఇరుక్కుంటాయి, అంతే.

వెన్నుపాముకు రెండు పక్కలా మెదడు నీరు, అంటే మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే ద్రవం, ఉంటుంది. కొన్ని రకాల స్కాన్‌లలో ఆ నీరు మెరిసే తెలుపు, వెన్నుపాము బూడిద రంగు. రెండు అంచుల నుంచీ అలలు లోపలికి వస్తాయి. వెన్నుపాము వెడల్పు కొద్ది పిక్సెళ్లే ఉన్నప్పుడు రెండు వైపుల అలలూ మధ్యలో కలిసి ఒక గీతగా నిలబడతాయి. పిక్సెల్ పరిమాణం మారితే గీత ఎందుకు మారుతుందో ఇప్పుడు తెలిసింది కదా.

దీనికి పాత మందు ఫిల్టర్. హామింగ్, ట్యూకీ లాంటి పేర్లున్న ఫిల్టర్లు కె-స్పేస్ అంచుల్లోని విలువలను ఒక్కసారిగా తెంచకుండా మెల్లగా తగ్గిస్తూ పోతాయి. అలలు అణుగుతాయి. కానీ అంచుల్లో ఉన్నవే సన్న వివరాలు కాబట్టి బొమ్మ కాస్త మసకబారుతుంది. చాలాకాలం ఈ బేరంతోనే సర్దుకున్నారు. కె-స్పేస్ చుట్టూ సున్నాలు పేర్చి పిక్సెళ్ల సంఖ్య పెంచే పద్ధతి కూడా ఉంది. దాంతో బొమ్మ నున్నగా కనిపిస్తుంది కానీ కొత్త సమాచారం ఏమీ రాదు. పైగా అలలు ఇంకా స్పష్టంగా తేలతాయి.

2016లో కెల్నర్, ఆయన సహచరులు ఇచ్చిన ఉపాయం నాకు చాలా ఇష్టం. అలకు ఎత్తులు, పల్లాలు ఉన్నట్టే, మధ్యలో సున్నా అయ్యే చోట్లు కూడా ఉంటాయి. పిక్సెళ్లు సరిగ్గా ఆ సున్నా చోట్ల పడితే అల ఉన్నా మనకు కనిపించదు. పిక్సెల్‌లో సగం కూడా లేనంత చిన్న దూరాలు జరిపి చూస్తూ, ప్రతి పిక్సెల్ దగ్గరా చుట్టూ అల్లాడటం ఎప్పుడు అతి తక్కువగా ఉందో వెతికి, ఆ విలువను తీసుకుంటారు. బొమ్మ పెద్దగా మసకబారదు, అలలు చాలావరకు పోతాయి. అయితే కె-స్పేస్‌ను రెండు వైపులా పూర్తిగా కొలిచారనే నమ్మకం మీద ఇది నిలబడింది. సమయం ఆదా కోసం ఒక పక్క కొంత భాగం వదిలేసి స్కాన్ చేస్తే అలల తీరే మారిపోతుంది. అప్పుడు ఇదే పద్ధతి సగం సగం పనిచేస్తుంది. డేటా ఎలా కొలిచారో తెలియకుండా సరిచేసే సాఫ్ట్‌వేర్ నడిపితే వచ్చే ఇబ్బంది ఇదే.

కదిలితే ఏమవుతుంది

రోజువారీ పనిలో అందరినీ ఎక్కువ ఇబ్బంది పెట్టేది కదలిక. కె-స్పేస్‌లో ఒక వరసను చదవడానికి కొన్ని మిల్లీసెకన్లు చాలు. కానీ మామూలు పద్ధతిలో తర్వాతి వరస కోసం అర సెకనో, ఒకటి రెండు సెకన్లో ఆగాలి. అర సెకను చొప్పున 256 వరసలంటే రెండు నిమిషాలు దాటుతుంది. ఆ రెండు నిమిషాల్లో మనిషి ఊపిరి తీస్తాడు, మింగుతాడు, టెన్షన్‌లో ఉంటే ఇంకా కదులుతాడు. ఒక్కో వరస ఒక్కో భంగిమలో ఉన్న మనిషిది. వాటన్నిటినీ కదలని ఒకే మనిషివిగా భావించి కూడేస్తాం.

ఫలితం మసకతనం ఒక్కటే కాదు. కదలిక లయబద్ధంగా ఉంటే అసలు బొమ్మకు నకళ్లు వరసగా పేర్చినట్టు కనిపిస్తాయి. వీటిని ఘోస్ట్‌లు అంటారు. మనిషి నాలుగు సెకన్లకోసారి ఊపిరి తీస్తూ, యంత్రం అర సెకనుకో వరస చదివితే, ఘోస్ట్ అసలు బొమ్మకు మొత్తం వెడల్పులో ఎనిమిదో వంతు దూరంలో పడుతుంది. చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. పొట్ట పైకీ కిందికీ కదిలినా, పక్కలకు కదిలినా నకళ్లు మాత్రం ఎప్పుడూ ఒకే దిశలో వస్తాయి. వరసకూ వరసకూ మధ్య సమయం పట్టే దిశ అది. దాన్ని ఫేజ్ దిశ అంటారు. అందుకే టెక్నీషియన్లు అవసరమైతే ఫేజ్ దిశను మార్చేస్తారు. ఘోస్ట్‌లు పోవు, కానీ చూడాల్సిన అవయవం మీద పడకుండా పక్కకు వెళ్తాయి.

మరి లెక్కతో సరిచేయడం ఎలా? తల విషయం కాస్త నయం. పుర్రె గట్టిది కాబట్టి మెదడు జరిగినా తిరిగినా ఒకే ముద్దలా కదులుతుంది. ఫూరియే గణితంలో దీనికి చక్కటి నియమాలున్నాయి. తల పక్కకు జరిగితే కె-స్పేస్ విలువల బలం మారదు, వాటి ఫేజ్, అంటే ఒక్కో చార ఎంత జరిగి ఉందో చెప్పే విలువ, మాత్రమే ఒక వాలులో మారుతుంది. తల తిరిగితే కె-స్పేస్ కూడా అంతే కోణంలో తిరుగుతుంది. కాబట్టి ఏ వరస చదివేటప్పుడు తల ఎంత జరిగిందో, ఎంత తిరిగిందో తెలిస్తే ఆ వరసను వెనక్కి తిప్పి సరైన చోట పెట్టవచ్చు. సిగ్నల్ చోటు తప్పిందే కానీ పోలేదు.

ఎంత కదిలిందో తెలుసుకోవడమే అసలు పని. మధ్యమధ్యలో నావిగేటర్ అనే చిన్న కొలతలు తీసుకోవడం ఒక దారి. కెమెరాతో తలను గమనించడం ఇంకో దారి. జేమ్స్ పైప్ 1999లో ప్రొపెల్లర్ అనే పద్ధతి తెచ్చారు. కె-స్పేస్‌ను వరసలుగా కాకుండా ఫ్యాన్ రెక్కల్లాంటి పట్టీలుగా చదువుతారు. ప్రతి రెక్కా మధ్యలోంచే వెళ్తుంది. అంటే బొమ్మ మధ్యభాగపు సమాచారం ప్రతిసారీ మళ్లీ మళ్లీ దొరుకుతుంది. వాటిని ఒకదానితో ఒకటి పోల్చి కదలికను పసిగట్టి, సరిచేసి, మరీ పాడైన రెక్కకు విలువ తగ్గిస్తారు. నిలకడగా ఉండలేని పిల్లలకూ, వణుకు ఉన్నవాళ్లకూ ఇది ఎంతగానో ఉపయోగపడింది.

ఏ అదనపు కొలతా లేకుండా, ఉన్న డేటాతోనే కదలికను వెతికే ప్రయత్నం ఆటోఫోకస్. ఏదో ఒక కదలికను ఊహిస్తారు, దానికి తగ్గట్టు కె-స్పేస్‌ను సవరిస్తారు, వచ్చిన బొమ్మ ఎంత బాగుందో ఒక కొలమానంతో లెక్కిస్తారు, మళ్లీ ఊహ మారుస్తారు. ఎక్కువగా వాడే కొలమానం ఎంట్రపీ. ఘోస్ట్‌లు లేని బొమ్మలో చుట్టూ ఉన్న గాలి నల్లగా, ఖాళీగా ఉంటుంది, వెలుగంతా ఉండాల్సిన చోటే ఉంటుంది. అప్పుడు ఎంట్రపీ తక్కువ. ఘోస్ట్‌లు వెలుగును అన్ని చోట్లా చల్లేస్తాయి, ఎంట్రపీ పెరుగుతుంది. ఆలోచన అందంగా ఉంది కానీ వెతకాల్సిన అవకాశాలు కోకొల్లలు. లెక్కకు చాలా సమయం పడుతుంది, ఒక్కోసారి తప్పు జవాబు దగ్గర ఆగిపోతుంది.

పైగా ఇదంతా తల స్లైస్‌లోనే కదిలినప్పటి మాట. తల ముందుకు ఊగి, యంత్రం కొలవాల్సిన పొర నుంచి బయటికి వెళ్లిపోతే, ఆ సమయంలో కొలిచింది పక్క పొరను. అసలు పొర సిగ్నల్ అందనే లేదు. పొట్టలోనైతే కాలేయం సాగుతుంది, పేగులు తమ ఇష్టం వచ్చినట్టు కదులుతాయి. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్ మీద ఆశ పెట్టుకోవడం కంటే ఊపిరి బిగబట్టమని చెప్పడమో, వేగంగా స్కాన్ చేయడమో మేలు. రోగికి ముందుగా రెండు మాటలు ధైర్యం చెబితే మంచి బొమ్మ వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది. ఇది ఇమేజ్ ప్రాసెసింగ్ కాదు కానీ, చెప్పకుండా దాటడం నాకు ఇష్టం లేదు.

సాగిన మెదడు, కుంచించుకుపోయిన మెదడు

పక్షవాతం అనుమానం ఉన్నప్పుడు చేసే డిఫ్యూజన్ స్కాన్‌కూ, మెదడు పనితీరును చూసే ఫంక్షనల్ స్కాన్‌కూ ఎకో ప్లానార్ ఇమేజింగ్ వాడతారు. ఇది 1977లో మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన ఆలోచన. ఒకే దెబ్బలో, సెకనులో పదో వంతు కంటే తక్కువ సమయంలో స్లైస్ మొత్తం చదివేస్తుంది. కదలిక బాధ దాదాపు ఉండదు. కానీ ఆ వేగానికి మూల్యం వేరే రూపంలో చెల్లించాలి.

గాలి, ఎముక, మెదడు కలిసే చోట్ల, అంటే ముక్కు పక్కనున్న సైనస్‌ల పైన, చెవి గొట్టాల దగ్గర, అయస్కాంత క్షేత్రం కాస్త వంకర తిరుగుతుంది. క్షేత్రం మారితే ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఫ్రీక్వెన్సీని బట్టే చోటును నిర్ణయిస్తున్నాం కాబట్టి యంత్రం ఆ సిగ్నల్‌ను వేరే చోట పెట్టేస్తుంది. ఎకో ప్లానార్‌లో ఫేజ్ దిశలో ఒక పిక్సెల్‌కు కేటాయించిన ఫ్రీక్వెన్సీ చాలా తక్కువ. ఉదాహరణకు పిక్సెల్‌కు 20 హెర్ట్జ్ అనుకుంటే, క్షేత్రం 100 హెర్ట్జ్ తేడాలో ఉన్న చోటు ఐదు పిక్సెళ్లు జరిగిపోతుంది. పిక్సెల్ 2 మిల్లీమీటర్లయితే అది మొత్తం ఒక సెంటీమీటరు. మెదడు ముందుభాగం ఒకచోట లాగినట్టు, ఇంకోచోట నొక్కినట్టు కనిపిస్తుంది.

1995లో జెజార్డ్, బలబాన్ చూపించిన పరిష్కారం సూటిగా ఉంటుంది. క్షేత్రం ఎక్కడ ఎంత తప్పిందో విడిగా ఒక మ్యాప్ కొలిచి, దాని ప్రకారం పిక్సెళ్లను వెనక్కి జరపడం. లాగినచోట ఇది బాగా పనిచేస్తుంది. నొక్కినచోట చిక్కు వస్తుంది. నాలుగు పిక్సెళ్ల సిగ్నల్ ఒకే పిక్సెల్‌లో కుప్పపడితే, ఎవరి వాటా ఎంతో మ్యాప్ చెప్పలేదు. ఆండర్సన్, స్కేర్, ఆష్‌బర్నర్ 2003లో దీనికి ఇంకో తోవ చూపారు. ఒకే మెదడుకు రెండు స్కాన్‌లు తీస్తారు, రెండోదాంట్లో కె-స్పేస్‌ను తలకిందులుగా చదువుతారు. అప్పుడు వక్రత కూడా ఎదురు దిశలో వస్తుంది. ఒకదాంట్లో కుప్పపడిన చోటే ఇంకోదాంట్లో సాగి విడిగా కనిపిస్తుంది. రెండింటినీ మధ్యలో కలిసేలా చేసే క్షేత్రాన్ని లెక్కకట్టి, రెండు బొమ్మలనూ ఒకటి చేస్తారు. ఒక తప్పును సరిచేయడానికి అదే తప్పును ఎదురు దిశలో కావాలని చేయించడం, ఈ రంగంలో నాకు ఎప్పటికీ పాతబడని ఆలోచన.

ఎకో ప్లానార్‌లోనే ఇంకో చిక్కు, వరసలను ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చదవడం వల్ల వస్తుంది. సరి వరసలకూ బేసి వరసలకూ మధ్య రవ్వంత తేడా పడినా, మెదడుకు నకలు ఒకటి సరిగ్గా సగం దూరంలో తేలుతుంది. స్కాన్ మొదట్లో రెండు మూడు వరసలు నమూనాగా చదివి, ఆ తేడాను కొలిచి తీసేయడం ఇప్పుడు యంత్రాలు తమంతట తాము చేసే పని.

అయితే సైనస్‌ల పైన కొన్నిచోట్ల సిగ్నల్ జరగడంతో ఆగదు, ఆరిపోతుంది. ఒకే పిక్సెల్ లోపల కేంద్రకాలు తలో వేగంతో తిరిగి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ మిగిలేది నల్లటి గుంట. పిక్సెళ్లను ఎంత జాగ్రత్తగా వెనక్కి జరిపినా ఆ గుంట పూడదు. లోహపు కీళ్లు, స్క్రూల పక్కన ఇదే సమస్య పదింతలు. అక్కడ స్కాన్ చేసే తీరునే మార్చి, ఫ్రీక్వెన్సీలను ముక్కలు ముక్కలుగా కొలిచి తర్వాత కలిపే సెమాక్, మావ్రిక్ లాంటి పద్ధతులు కొంత ఊరట ఇచ్చాయి. అవి కూడా జరిగిపోయిన సిగ్నల్‌ను వెనక్కి తెస్తాయి. లోహానికి మరీ ఆనుకుని ఉన్న చోట కొంత నలుపు మిగిలే ఉంటుంది.

కొవ్వు వల్ల వచ్చే జరుగుడు కూడా ఈ కుటుంబానిదే. కొవ్వులోని హైడ్రోజన్, నీటిలోని దానికంటే పది లక్షల్లో 3.5 వంతులు నెమ్మదిగా తిరుగుతుంది. 1.5 టెస్లా దగ్గర ఇది సుమారు 220 హెర్ట్జ్, 3 టెస్లా దగ్గర దానికి రెట్టింపు. అందుకే మూత్రపిండానికి ఒక పక్క నల్లటి అంచు, రెండో పక్క తెల్లటి అంచు కనిపిస్తాయి. 1984లో థామస్ డిక్సన్ ఈ తేడానే వాడుకుని నీటి బొమ్మ, కొవ్వు బొమ్మ వేరు చేసే దారి చూపారు. ఆ లెక్కలో క్షేత్రం తేడాను తప్పుగా అంచనా వేస్తే ఒక్కోసారి అవయవంలో ఒక ముక్క నీటి బొమ్మలోంచి కొవ్వు బొమ్మలోకి మారిపోతుంది. సరిచేసే లెక్క కూడా సొంత ఆర్టిఫాక్ట్‌ను పుట్టించగలదు.

కంటికి కనిపించని వెలుగు తేడా

కాయిల్‌కు దగ్గరగా ఉన్న భాగం మెరుస్తూ, లోపలి భాగం మసకగా ఉండటం మరో రకం. అనుభవమున్న రేడియాలజిస్ట్ కన్ను దీన్ని తేలిగ్గా సర్దుకుంటుంది. కంప్యూటర్ సర్దుకోదు. మెదడులో తెల్ల పదార్థం ఎంత, బూడిద పదార్థం ఎంత అని లెక్కపెట్టే ప్రోగ్రామ్‌కు ఒకే కణజాలం ఒకచోట 400గా, ఇంకోచోట 300గా కనిపిస్తే లెక్క తప్పుతుంది. 1998లో వచ్చిన ఎన్3, దాన్ని మెరుగుపరిచి 2010లో వచ్చిన ఎన్4 అనే సరిచేసే పద్ధతులు ఇక్కడ బాగా పేరు పొందాయి. వెలుగు తేడా బొమ్మను గుణిస్తుంది కాబట్టి లాగరిథమ్ తీసుకుంటే గుణకారం కూడికగా మారుతుంది. అప్పుడు నెమ్మదిగా మారే భాగాన్ని అంచనా వేసి తీసేయవచ్చు. నెమ్మదిగా మారేది ఎంత నెమ్మదిగా అన్నది మనం పెట్టే సెట్టింగ్. దాన్ని మరీ వదులుగా పెడితే, మెదడులో విశాలంగా వ్యాపించిన నిజమైన మార్పును కూడా కాయిల్ తప్పుగా భావించి చదును చేసేస్తుంది.

పనుల వరస కూడా ముఖ్యం. డిఫ్యూజన్ డేటాలో ముందు నాయిస్, అంటే కొలతలో అడ్డదిడ్డంగా కలిసే చిన్న తేడాలు, తీస్తారు, తర్వాత గిబ్స్ అలలు, ఆ తర్వాత వక్రత, కదలిక, చివర్లో వెలుగు తేడా. పిక్సెళ్లను జరిపే ఏ పనైనా పక్క పిక్సెళ్ల విలువలను కలిపేస్తుంది. కలిపాక నాయిస్ ఒక్కో పిక్సెల్‌లో విడివిడిగా ఉండదు, అలలు అసలు ఆకారంలో ఉండవు. ముందు రెండు పనులూ ఆ విడితనం మీదే, ఆ ఆకారం మీదే ఆధారపడ్డాయి.

కావాలని తెచ్చుకున్న ఆర్టిఫాక్ట్

స్కాన్ వేగం పెంచడానికి కె-స్పేస్‌లో వరసలు వదిలేస్తే బొమ్మ మడతపడుతుంది. ఎడమ చెవి వచ్చి మెదడు మధ్యలో పడుతుంది. 1999లో ప్రూస్‌మాన్ బృందం తెచ్చిన సెన్స్, 2002లో గ్రిస్‌వోల్డ్ బృందం తెచ్చిన గ్రాపా ఈ మడతను విప్పుతాయి. తల చుట్టూ ఉన్న కాయిళ్లు ఒక్కోటీ ఒక్కో పక్కను బాగా చూస్తాయి. మడతపడిన పిక్సెల్‌లో రెండు చోట్ల విలువలు కలిసి ఉన్నా, ఒక్కో కాయిల్ వాటిని ఒక్కో పాళ్లలో కలిపి ఇస్తుంది కాబట్టి సమీకరణాలు కట్టి విడదీయవచ్చు. వేగం రెట్టింపు చేస్తే నాయిస్ కనీసం 1.4 రెట్లు పెరుగుతుంది, అది తప్పదు.

2007లో మైకేల్ లుస్టిగ్, డేవిడ్ డోనోహో, జాన్ పాలీ ఇంకో అడుగు వేశారు. వరసలను క్రమంగా కాకుండా చెల్లాచెదురుగా వదిలేస్తే, మడతకు బదులు నాయిస్ లాంటి పొడి బొమ్మంతా పరుచుకుంటుంది. శరీరపు బొమ్మలను వేవ్‌లెట్‌ల (చిన్న చిన్న అలల ముక్కల) వంటి భాషలో రాస్తే కొద్ది అంకెలతోనే పట్టుబడతాయి, పొడి అలా పట్టుబడదు. ఈ తేడాతో పొడిని దులిపేస్తారు. ఇక్కడ గమనించాల్సింది ఉంది. సెన్స్‌లో కొలతలు సరిపోతాయి. ఇక్కడ కొలతలు చాలవు, బొమ్మ ఎలా ఉంటుందో మనకున్న నమ్మకం వాటికి తోడైంది. నా దృష్టిలో ఈ రంగం గీత దాటింది ఇక్కడే. ఆ నమ్మకం కాగితం మీద రాసి ఉంటుంది కాబట్టి ఎక్కడ తప్పవచ్చో పరీక్షించవచ్చు.

డీప్ లెర్నింగ్‌లో ఆ నమ్మకం వేల బొమ్మల నుంచి తనంతట తానే తయారవుతుంది. మంచి బొమ్మలు తీసుకుని, వాటి కె-స్పేస్‌ను కావాలని పాడుచేసి, పాడైనదాని నుంచి మంచిదాన్ని తెప్పించేలా నెట్‌వర్క్ అనే ప్రోగ్రామ్‌కు నేర్పుతారు. 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యవిభాగం, ఫేస్‌బుక్ పరిశోధన విభాగం కలిసి ఫాస్ట్ఎంఆర్ఐ పేరుతో ముడి డేటాను అందరికీ అందుబాటులో పెట్టాక ఈ పని పరుగందుకుంది. ఫలితాలు నిజంగా అద్భుతంగా ఉన్నాయి, అందులో సందేహం లేదు. కానీ 2020లో ఆ డేటాతోనే జరిగిన పోటీలో రేడియాలజిస్టులు కొన్ని బొమ్మల్లో అసలు లేని రక్తనాళం లాంటిది గుర్తించారు. అదే ఏడాది ఆంటున్, హాన్సెన్ తదితరుల పరిశోధన మరో సంగతి బయటపెట్టింది. ఇన్‌పుట్‌లో కంటికి కనిపించనంత చిన్న మార్పు చేసినా కొన్ని నెట్‌వర్క్‌లు ఇచ్చే బొమ్మ బాగా చెదిరిపోతోంది.

పాత ఆర్టిఫాక్ట్‌లు ఆర్టిఫాక్ట్‌ల్లాగే కనిపిస్తాయి. అలలు, నకళ్లు, మడతలు చూస్తే ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. నెట్‌వర్క్ చేసే తప్పు అచ్చం శరీరంలా కనిపిస్తుంది. అందుకే డేటా కన్సిస్టెన్సీ అనే మెట్టు ఉన్న పద్ధతులనే నేను ఎక్కువగా నమ్ముతాను. నెట్‌వర్క్ ఇచ్చిన బొమ్మను తిరిగి కె-స్పేస్‌గా మార్చి, యంత్రం నిజంగా కొలిచిన విలువలతో పోల్చి, వాటికి విరుద్ధంగా ఉన్నచోట దిద్దుతారు. కొలవని చోట నెట్‌వర్క్ ఊహించుకోవచ్చు, కొలిచిన చోట మాత్రం కొలతదే చివరి మాట. ముడి డేటా ముట్టుకోకుండా, తయారైన బొమ్మను తీసుకుని అందంగా చేసి ఇచ్చే నెట్‌వర్క్‌లకు ఈ కళ్లెం లేదు.

బాగుపడిందని చెప్పే మార్కుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సరిచేసిన బొమ్మ అసలుకు ఎంత దగ్గరగా ఉందో అంకెల్లో చెప్పే పిఎస్ఎన్ఆర్, ఎస్‌ఎస్‌ఐఎమ్ లాంటి కొలమానాలు మామూలుగా బొమ్మ మొత్తానికి సగటు చెబుతాయి. 65,536 పిక్సెళ్లలో నాలుగు పిక్సెళ్ల మచ్చ చెరిగిపోతే ఆ మార్కు దాదాపు కదలదు. ఆ నాలుగు పిక్సెళ్ల కోసమే రోగి స్కాన్‌కు వచ్చి ఉండవచ్చు. మార్కుల కంటే నమ్మదగిన పరీక్ష ఒకటుంది, ఎవరైనా చేయవచ్చు. అసలు బొమ్మలోంచి సరిచేసిన బొమ్మను తీసివేసి, మిగిలినదాన్ని చూడాలి. నాయిస్ తీసే ప్రోగ్రామ్ అయితే మిగిలినదాంట్లో నాయిస్ మాత్రమే ఉండాలి, గిబ్స్ ప్రోగ్రామ్ అయితే అలలే ఉండాలి. అందులో మెదడు మడతల ఆకారం లీలగా కనిపించినా ప్రోగ్రామ్ ఆర్టిఫాక్ట్‌తో పాటు శరీరాన్ని కూడా చెరిపేస్తోందని అర్థం.

ఈ పరీక్షలకూ, పైన చెప్పిన చాలా పద్ధతులకూ ముడి కె-స్పేస్ డేటా ఉంటేనే పూర్తి బలం. మామూలుగా ఆసుపత్రుల్లో దాచేది చివరి బొమ్మనే, అదీ ఫేజ్ వదిలేసి బలం మాత్రమే. కె-స్పేస్ యంత్రంలో కొద్దికాలం ఉండి కొత్త డేటాకు చోటిచ్చి చెరిగిపోతుంది. ఒక్కో కంపెనీ ఒక్కో రూపంలో రాసే ఈ డేటాకు అందరూ చదవగలిగే ఉమ్మడి ఫార్మాట్ పరిశోధకులు తయారు చేశారు, కానీ రోజువారీ ఆసుపత్రి పనిలో అది ఇంకా అలవాటు కాలేదు. వెన్నుపాము మధ్యలో కనిపించిన గీత మీద వారం తర్వాత అనుమానం వస్తే, ముడి డేటా ఉన్నచోట దాన్ని తెరిచి, అలల లెక్క మళ్లీ వేసి గంటలో తేల్చవచ్చు. లేనిచోట ఆ మనిషిని పిలిపించి మళ్లీ యంత్రంలో పడుకోబెట్టాల్సిందే.